తమ్ముడింటి బాడుగ

మా తమ్ముడి ఇంట్లో నేను బాడుగకుంటున్నాను. ఈ మాట చెబితే కొందరు జాలిపడతారు, కొందరు నవ్వుతారు. నాకు నవ్వేవాళ్లే నయమనిపిస్తుంది. ఈ బాడుగ మొదలైన రోజున నేను కూడా నవ్వినదాన్నే.

శివశంకర్ నాకంటే బాగా చిన్నవాడు. అమ్మ పోయేసరికి మూడో తరగతిలో ఉన్నాడు. పెళ్లయి కదిరికి కాపురానికి వెళ్తూ వాణ్ని కూడా వెంటబెట్టుకుని వెళ్లాను. మా ఆయన ఆర్టీసీ డ్రైవరు. కొత్త పెళ్లాంతోపాటు స్కూలు సంచీ వేసుకుని ఒక పిల్లవాడు దిగితే ఏ మగవాడైనా మొహం చిట్లిస్తాడు. ఆయన మాత్రం వాడికి సైకిలు కొనిపెట్టాడు. మాకు పిల్లలు పుట్టలేదు. ఆయన పోయాక నాకు మిగిలింది కదిరిలో మూడు గదుల ఇల్లు, హైటెక్ సిటీలో ఉద్యోగం చేసే తమ్ముడు. ఆ రెండింటిలో ఏది గట్టిదని అప్పట్లో ఎవరైనా అడిగితే ఆలోచించకుండా తమ్ముడేనని చెప్పేదాన్ని.

2009లో వాడు కొండాపూర్‌లో ఫ్లాటు చూశాడు. అప్పు ఇవ్వడానికి బ్యాంకు ఒప్పుకుంది కానీ ముందు కట్టాల్సిన డబ్బు వాడి దగ్గర లేదు. కదిరి ఇల్లు అమ్మి ఇచ్చాను.

"ఇల్లు మనిద్దరిదీ అక్కా. నువ్వొక్కదానివే కదిరిలో ఉండి ఏం చేస్తావ్? వచ్చి అందులోనే ఉండు," అన్నాడు.

డబ్బు వాడి ఖాతాలో పడిన వారంలోనే ఒక కాగితం తెచ్చాడు. అక్క తమ్ముడికి ప్రేమతో ఇచ్చిన కానుక అని దాంట్లో రాసి ఉంది. అట్లా రాస్తే ఏ గొడవా ఉండదని వాడి ఆడిటరు ఈశ్వరయ్య చెప్పాడట. ప్రేమతో ఇచ్చిన మాట నిజమే కదా అని సంతకం పెట్టేశాను.

ఫ్లాటులో పాలు పొంగించిన తర్వాత రెండో కాగితం వచ్చింది. ఈసారి నన్ను కూర్చోబెట్టి లెక్క చెప్పాడు. నాకు అర్థమైనంతలో ఆ లెక్క ఇది. సొంతదారుడే ఇంట్లో ఉంటే, అప్పు మీద కట్టే వడ్డీలో లక్షన్నర వరకే పన్ను మినహాయింపు ఇస్తారు. అదే ఇల్లు బాడుగకిస్తే కట్టిన వడ్డీ మొత్తం చూపించుకోవచ్చు. మా వాడు కట్టే వడ్డీ ఆ లక్షన్నరకు రెట్టింపు ఉంటుంది. పైగా వాడూ, వాడి భార్య నవ్యా గచ్చిబౌలిలో ఆఫీసుల దగ్గర బాడుగింట్లో ఉంటున్నారు కాబట్టి, ఆ బాడుగ మీద ఇంకో మినహాయింపు. అంటే ఎవరింట్లో వాళ్లుంటే నష్టం, ఒకరింట్లో ఇంకొకరుంటే లాభం. ఈ చట్టం రాసినవాడెవడో గానీ వాడికి దండం పెట్టాలి.

"అంటే ఏందిరా శంకరా, నీ ఇంట్లో నేను బాడుగకుండేదా?" అని అడిగాను.

"కాగితం మీదే అక్కా. నెలనెలా నేనే నీ అకౌంట్లో వేస్తా, నువ్వు నాకు చెక్కు రాసియ్యి. అంతే."

నాకు నవ్వాగలేదు. ఈ జేబులో నుంచి ఆ జేబులోకి మార్చుకుంటే కూడా సర్కారు డబ్బులిస్తుందంటే ఎవరికి నవ్వు రాదు?

అందరిలాగా పదకొండు నెలల అగ్రిమెంటు రాసుకుని ఊరుకుని ఉంటే ఈ కథే లేదు. కానీ మా వాడికి భయం ఎక్కువ. దొంగ బాడుగ చూపించాడని వాడి టీములో ఒకతనికి నోటీసు వచ్చిందట. "మనది గట్టిగా ఉండాల. రిజిస్ట్రేషనే చేయిద్దాం," అన్నాడు. ఊరంతా తెలంగాణ కోసం అట్టుడుకుతున్న రోజులవి. రోజు మార్చి రోజు బంద్. బంద్ లేని రోజు చూసుకుని రిజిస్ట్రేషన్ ఆఫీసుకు వెళ్లాం. అక్కడి దస్తావేజు రాసేవాడు ఏదో ఆఫీసుకు రాసిన లీజు కాగితాన్నే తీసి, పేర్లు మార్చి, మా చేతిలో పెట్టాడు. ఏడేళ్ల గడువు. ఏటా ఇంత పెంపు. చెప్పిన బాడుగ కడుతున్నంత కాలం గడువులోపల ఖాళీ చేయించే హక్కు యజమానికి లేదు. మా వాడు అంతా చదివి, "సూపర్. నిజమైనదాని మాదిరే ఉంది," అన్నాడు. ఫీజు ఎక్కువైందని మాత్రం దారి పొడుగునా గొణిగాడు.

ఆ తర్వాత నా బతుకు బాగానే గడిచిందని చెప్పాలి. ఊరికే కూర్చోలేక మధ్యాహ్నం క్యారియర్లు మొదలుపెట్టాను. అనంతపురం, కడప నుంచి వచ్చి ఇక్కడ ఉద్యోగాలు చేసే పిల్లలు సంగటి, పప్పుపులుసు, చెనిక్కాయల పొడి అంటే ప్రాణం పెట్టేవాళ్లు. ఒకరు చెప్పి ఒకరు, ముప్పై క్యారియర్ల దాకా అయ్యాయి. వాచ్‌మన్ ఐలయ్య వాటిని ఆటోలోకి ఎక్కించి పెట్టేవాడు. అతనిది నారాయణఖేడ్ వైపు. సకల జనుల సమ్మె రోజుల్లో డ్యూటీ దిగగానే మెడలో గులాబీ కండువా వేసుకుని పోయేవాడు. ఫ్లాట్లవాళ్లు అతన్ని చూసి గుసగుసలాడుకునేవాళ్లు. నాకైతే అతనితో మాట్లాడుతుంటే పొద్దుపోయేది.

"అమ్మా, తెలంగాణొస్తే గీ ఫ్లాట్లన్నీ మేమే గుంజుకుంటమని భయపడుతున్రంట గదా? నేనైతే మీ ఇల్లే తీస్కుంట. వంట వాసన మంచిగొస్తది," అన్నాడొక రోజు.

"తీసుకోప్పా. నేను బాడుగ మనిషిని. వానికి కట్టేది నీకు కడతా."

"కిరాయొద్దు తియ్. పొద్దుగాల్ల ఇంత సంగటి పెట్టు, చాలు."

ఇద్దరం నవ్వుకున్నాం. బాడుగ మనిషినన్న మాట అప్పటికి నాకు హాస్యమే.

దాంట్లో హాస్యం లేదని మొదట తెలిసింది అపార్ట్‌మెంటు మీటింగులో. అద్దెకున్నవాళ్ల వివరాలు స్టేషన్లో ఇవ్వాలని పోలీసులు గేటుకు నోటీసు అంటించారు. అసోసియేషన్ సెక్రటరీ రామ్మోహనరావు గారు ఇంటింటికీ తిరిగి ఫోటోలు, గుర్తింపు కార్డులు వసూలు చేశారు. ఆయనది గుంటూరు, పెద్ద కాంట్రాక్టరు. కాగితాల్లో నేను అద్దెకున్నదాన్నే కాబట్టి నా ఫోటో కూడా స్టేషన్‌కు పోయింది. ఆ నెల మీటింగులో నీళ్ల ట్యాంకర్ల గురించి మాట్లాడదామని లేచాను.

"మీరు కూర్చోండమ్మా. ఓనర్లు మాట్లాడాలండి. టెనెంట్లు చెప్పాల్సింది ఓనర్ ద్వారా చెప్పుకోవాలండి," అన్నాడాయన, ఎంతో మర్యాదగా.

కూర్చున్నాను. శంకరానికి ఫోన్ చేసి చెబితే పకపకా నవ్వాడు. "కాగితం మీదే కదక్కా, పట్టించుకోవద్దు," అన్నాడు. కదిరిలో మా ఆయన కట్టించిన అరుగు మీద కూర్చుని వీధి పంచాయతీలు తీర్చినదాన్ని నేను. నాకు చాలా అవమానమనిపించింది.

2013 జులై చివర్లో తెలంగాణ ఇచ్చేస్తున్నామని ఢిల్లీలో చెప్పారు. గేటు దగ్గర ఐలయ్య టపాసులు కాల్చాడు. పై అంతస్తుల్లో కిటికీలు మూసుకున్నారు. మా రామ్మోహనరావు గారు అత్యవసర మీటింగు పెట్టి, హైదరాబాద్ పని అయిపోయిందనీ, ఇంకో ఏడాదిలో ఫ్లాట్లు కొనేవాడే ఉండడనీ ఉపన్యాసమిచ్చారు. అంత భయపడిన మనిషి తర్వాతి వారంలో మా ఇంటి తలుపు కొట్టాడు. చేతిలో పూతరేకుల డబ్బా.

"అమ్మా, మీరో చిన్న సంతకం పెట్టాలండి. మా అమ్మాయి కోసం మీ ఫ్లాటు తీసుకుంటున్నామండి. శివశంకర్ గారికి అడ్వాన్సు కూడా ఇచ్చేశాను. ఈసీ తీయిస్తే మీ లీజు కనపడింది. అది రద్దయితే గానీ బ్యాంకువాళ్లు కదలరండి."

ఈసీ అంటే ఆస్తి మీద ఏమేం రిజిస్టరయి ఉన్నాయో చూపించే పత్రం. గట్టిగా ఉండాలని మా వాడు చేయించిన రిజిస్ట్రేషన్ దాంట్లో గట్టిగానే కూర్చుంది. నేను అసలు విషయం అప్పుడే వింటున్నానని ఆయనకు తెలియదు. నా మొహం చూసి తెలుసుకున్నాడు. "ఓహో, మీతో చెప్పలేదాండి?" అంటూ లేచాడు. పూతరేకులు మాత్రం వదిలేసి పోయాడు. ఆ డబ్బాను అట్లాగే తీసుకెళ్లి ఐలయ్య పిల్లలకిచ్చాను.

ఆదివారం శంకరం, నవ్య వచ్చారు. నేను అడగకముందే వాడు మొదలుపెట్టాడు.

"బెంగళూరుకు ట్రాన్స్‌ఫర్ అడిగినా అక్కా. ఇక్కడేం గ్యారంటీ లేదు. రేట్లు పడిపోకముందే అమ్మేసి అక్కడ కొనుక్కుంటాం. నువ్వేం వీధిలో పడవు. హఫీజ్‌పేట స్టేషన్ పక్కన నీకొక రూము చూసినా. అడ్వాన్సు నేనే కడతా."

"రూములో ముప్పై క్యారియర్లు వండుతారా?"

"నీకెందుకక్కా ఈ వయసులో ఆ చాకిరీ?"

"బెంగళూరుకు నన్ను రమ్మనవా?"

వాడు నవ్య వైపు చూశాడు. నవ్య ఫోన్ వైపు చూసింది.

"అక్కడ తీసుకునేది చిన్నది వదినా. రెండే బెడ్‌రూములు," అంది.

"ఇల్లు మనిద్దరిదీ అంటివి కదరా. అమ్మేముందు నన్నొక మాట అడిగితివా?"

వాడికి కోపం వచ్చింది. తప్పు చేసినవాడికి వచ్చే కోపం వేరేగా ఉంటుంది, చిన్నప్పటినుంచీ చూస్తున్నాను.

"ఓనర్‌ని నేను. నువ్వు టెనెంట్‌వి. టెనెంట్‌ని అడిగి అమ్ముతారా యాడన్నా?" అన్నాడు.

వంటింట్లో కుక్కరు కూత పెడితే వెళ్లి స్టౌ ఆపేసి వచ్చాను. వచ్చేసరికి వాడు తల దించుకుని ఉన్నాడు. అప్పుడైనా నోరు జారానక్కా అని ఉంటే, దేవుడి మీద ఒట్టు, ఆ సంతకం పెట్టేసేదాన్ని. నవ్య సర్దడానికి చూసింది.

"కోపంలో అన్నాడు వదినా. కానీ మీరు కూడా ఆలోచించండి. కదిరి డబ్బు మీరు గిఫ్ట్‌గా ఇచ్చిందే కదా. కాగితం కూడా ఉంది. ఇచ్చినదాని మీద మళ్లీ హక్కు అంటే ఎట్లా?"

దానితో నాకు కళ్లు తెరుచుకున్నాయి. ఇన్నాళ్లూ ఏ కాగితమైతే ఉత్తుత్తిదని నవ్వుకున్నామో, వీళ్లు దాన్నే నిజమంటున్నారు.

"సరే తల్లీ, కాగితమే మాట్లాడనీ," అన్నాను. "కానుకని రాసుంది. అది మీదే, అడగను. బాడుగని కూడా రాసుంది. ఏడేండ్లు. ఇంకా మూడేండ్లకు పైనే ఉంది. నేను కదలను."

"అక్కా! అది ఉత్త కాగితం! ట్యాక్స్ కోసం రాసుకున్నది!"

"ఆ మాట ఇన్‌కంట్యాక్సోళ్ల కాడికి పోయి చెప్పు. తోడు కావాలంటే నేనూ వస్తా."

వాడి మొహం తెల్లబోయింది. బాల్కనీలోకి వెళ్లి ఈశ్వరయ్యకు ఫోన్ చేశాడు. చాలాసేపు విన్నాడు. "అన్నేండ్లదీ కట్టాల్నా? పెనాల్టీతోనా?" అన్న ఒక్క మాట మాత్రం నాకు వినిపించింది. లోపలికి వచ్చి, నా వైపు చూడకుండా, నవ్యను తీసుకుని వెళ్లిపోయాడు. మంచినీళ్లు కూడా తాగలేదు. గెలిచాననుకున్నాను. ఆ రోజు వండిందంతా పారబోశాను.

రామ్మోహనరావు గారు అడ్వాన్సు వెనక్కి తీసుకుని, భయపడి అమ్ముకుంటున్న ఇంకొకరి ఫ్లాటు కొనుక్కున్నాడు. బెంగళూరు ట్రాన్స్‌ఫర్ ఆగిపోయింది. నా ఖాతాలో శంకరం వేసే డబ్బు కూడా ఆగిపోయింది. నేను బాడుగ తప్పితే చాలు, ఖాళీ చేయించొచ్చని ఎవరో వాడికి చెప్పి ఉంటారు. నేను తప్పలేదు. ముప్పై క్యారియర్లను యాభై చేశాను. చీకటితోనే లేచి జొన్నరొట్టెలు కాల్చాను. మోకాళ్లు వాచాయి. ఏ ఇంటి కోసమైతే నా ఇల్లు అమ్ముకున్నానో, ఆ ఇంటికి నిజమైన బాడుగ, నిజమైన పెంపుతో సహా కడుతూ వచ్చాను. నాకు ఎంత మంట ఉండేదంటే, చెక్కు కూడా పంపలేదు. కావాల్సినవాడు వచ్చి తీసుకుంటాడులే అన్నాను.

వచ్చేవాడు. ప్రతి నెలా మొదటి వారంలో. యజమాని వచ్చేముందు చెప్పి రావాలని లీజులో రాసి ఉంది కాబట్టి ముందు రోజు మెసేజ్ పెట్టేవాడు. వాడి దగ్గర ఇంకో తాళంచెవి ఉంది, అయినా బెల్లు కొట్టి గడప అవతలే నిలబడేవాడు. నేను చెక్కు ఇచ్చేదాన్ని, వాడు రశీదు ఇచ్చేవాడు. ఇద్దరం ఒక్క మాట మాట్లాడేవాళ్లం కాదు. దసరా పోయింది, ఉగాది పోయింది. నవ్యకు నెల తప్పిందని, తన ఆఫీసులోనే పనిచేస్తూ నా దగ్గర క్యారియర్ తీసుకునే ఒక పిల్లవాడు చెబితే తెలిసింది.

2014 జూన్‌లో కొత్త రాష్ట్రం వచ్చింది. ఐలయ్య కొత్త చొక్కా వేసుకుని అందరికీ మిఠాయి పంచి, మళ్లీ అదే గేటు దగ్గర అదే కుర్చీలో కూర్చున్నాడు. ఎవరి ఫ్లాటూ ఎవరూ గుంజుకోలేదు. ఆ వారమే శంకరం వచ్చాడు, మిట్టమధ్యాహ్నం ఎండలో. చొక్కా తడిసిపోయింది, మొహం పీక్కుపోయింది. కంపెనీలో కొందరిని తీసేస్తున్నారని వినిపిస్తూనే ఉంది. నేను చెక్కు అందించాను. వాడు రశీదు ఇవ్వలేదు. లోపలికి, వంటింటి వైపు చూస్తున్నాడు.

"పప్పుపులుసా అక్కా?" అన్నాడు.

పది నెలల తర్వాత వాడి నోట అక్కా అన్న మాట అది. నా కోపమంతా ఏమైపోయిందో నాకే తెలియలేదు.

"రా. కాళ్లు కడుక్కో," అన్నాను.

నేల మీదే కూర్చున్నాడు. వేడి సంగటి ముద్ద పెట్టి, గుంట చేసి నెయ్యి వేశాను. వాడు తల ఎత్తకుండా తిన్నాడు. ఇంకో ముద్ద వేస్తే వద్దనలేదు. చెనిక్కాయల పొడి ఉందా అని అడిగాడు. డబ్బా తెచ్చి ముందు పెట్టాను. నవ్య ఎట్లుందంటే, ఆరో నెల, రక్తం తక్కువుందంటున్నారని చెప్పాడు. తినేదానికి రోజూ పంపిస్తానన్నాను. వాడు తలూపాడు.

వాడు తింటుంటే చూస్తూ నేను మనసులో ఒక నిర్ణయానికి వచ్చేశాను. రేపే వెళ్లి ఆ లీజు రద్దు చేసి వస్తాను. అమ్ముకుంటాడో, ఉంచుకుంటాడో వాడిష్టం. హఫీజ్‌పేట రూమయితే రూమే. పుట్టబోయే బిడ్డకు మేనత్తను నేను, ఈ గోడలు పట్టుకుని ఏం చేసుకుంటాను? వాడు లేవగానే చెబుదామని, చేతులు తుడుచుకునేందుకు తువ్వాలు తెచ్చాను.

వాడు చేతులు కడుక్కున్నాడు. తుడుచుకున్నాడు. వెనక జేబులో నుంచి పర్సు తీశాడు.

"క్యారియర్ ఎంతక్కా ఇప్పుడు?" అన్నాడు.

వేళాకోళం అనుకుని మొహం చూశాను. కాదు. నా బాకీ ఏదీ తన మీద ఉండకూడదని అడుగుతున్నాడు. రేపు నేను ఏ కాగితమన్నా తీసి, ఆ రోజు తిన్నావు కదా అంటానేమోనని భయం. కదిరిలో ఒకే కంచంలో కలిపి తినిపించిన పిల్లవాడికి ఆ భయం నా వల్లే వచ్చిందో, వాడి వల్లే వచ్చిందో చెప్పడానికి ఇప్పుడు ఎవరూ లేరు. లీజు మాట ఎత్తకుండానే తువ్వాలు తీసి దండెం మీద వేశాను.

"ఎనభై," అన్నాను.

వంద నోటు ఇచ్చాడు. గూట్లో క్యారియర్ల డబ్బులుండే డబ్బాలో నుంచి ఇరవై తీసి ఇచ్చాను. వద్దంటాడేమో అని చేయి చాపుకునే నిలబడ్డాను. తీసుకుని పర్సులో పెట్టుకున్నాడు. బాడుగ రశీదు రాసి, సంతకం చేసి, స్టూలు మీద పెట్టి వెళ్లిపోయాడు.